బొంత వెల

బొంత యను మాట మన యిండ్లలో గౌరవమునకు నోచుకొనలేదు. పసిపాప యుయ్యెలలోనికిని, బండిలో గడ్డిమీద పఱచుటకును తప్ప, నలుగురు వచ్చి కూర్చుండు గదిలో దానికి చోటు లేదు. చుట్టములు వచ్చుచున్నారనగానే బొంతను మడిచి అటకమీదికి త్రోసి, కొన్న దుప్పటిని పఱతుము. ఆ బొంతయే పట్టణపు టంగడిలో అద్దముల వెనుక వ్రేలాడినచో ఆగి చూతుము, చేతితో తాకుదుము, వెల యడిగి నిట్టూర్చి వత్తుము. ఒకే వస్తువునకు ఈ రెండు మర్యాద లెట్లు కలిగినవో విచారింపదగియున్నది.

గడచిన శీతకాలమున హైదరాబాదులో నొక పెద్ద యంగడియందు అట్టి దుప్పటి నొకదానిని చూచితిని. వెల 16,000 రూపాయలు. ఒకటి విడిచి యొకటిగా అచ్చుపువ్వుల చదరములును, సాదా రంగుల చదరములును కూర్చి, వానిపై చేతితో సన్నని కుట్టు వేసియున్నారు. నాకది మా అమ్మమ్మ కుట్టిన బొంతకు చెల్లెలివలె తోచినది. కొలతలు సమముగా నున్నవి, రంగుల కూర్పు బాగున్నది. తక్కిన దంతయు మన యింటి విద్యయే. అట్టిది నేనే కుట్టుకొందునని నిశ్చయించుకొని, ఇల్లు చేరిన మఱునాడే పాతచీరల పెట్టె తెఱచితిని.

ఈ పనికి పూనుకొనదలచు సోదరీమణుల కుపయోగించునని లెక్కలు చెప్పుచున్నాను. ఇరువురు పండుకొను మంచమునకు 90 అంగుళముల వెడల్పు, 99 అంగుళముల పొడవు చాలును. తొమ్మిది యంగుళముల చదరములు వరుసకు పది చొప్పున పదునొకండు వరుసలు, అనగా 110 చదరములు కావలెను. కుట్టులోనికి పోవు గుడ్డను లెక్కించి ఒక్కొక్క ముక్కను తొమ్మిదిన్నర యంగుళములకు కత్తిరించితిని. నేతచీర కట్టిన చోట్లనెల్ల ఒకేరీతిగా చీకిపోదు. చెంగును, కుచ్చెళ్ల లోపలి మడతలును గట్టిగానే నిలుచును. అట్టి చోట్లనుండి 55 ముక్కలు వచ్చినవి. అడుగుభాగమునకు ఒక చీర సరిపోయినది. అయిదున్నర మీటర్ల చీరను నడుమకు కోసి, రెండు ముక్కలను ప్రక్కప్రక్కన చేర్చి కుట్టినచో మంచమంత గుడ్డ వచ్చును. నడుమ పొరకు మా వారి పాతపంచెలు రెండు వేసితిని.

అచ్చుగుడ్డమాత్రము కొన్నాను. బందరునకు దగ్గఱనున్న పెడనలో టేకుకొయ్య అచ్చులతో అద్దిన కలంకారి అది, నాలుగు మీటర్లు. ఆ గుడ్డ వెనుక నెంత పని యున్నదో తెలిసినవారు దానిని కత్తిరించుటకు జంకుదురు. ముందుగా కరక్కాయ నీటిలోను పాలలోను ముంచి యెండబెట్టవలెను. ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి నలుపు తీయవలెను. ఎఱుపు పట్టవలసిన చోట పటిక అద్ది, పాఱునీట జాడించి, రంగునీటిలో ఉడుకబెట్టవలెను. అట్టి గుడ్డను కుట్టుటకు ముందొకసారి విడిగా తడిపి ఆఱవేయుట మేలు. మిగిలిన రంగు పోవును, ముడుచుకొనవలసినంత ముందే ముడుచుకొనును.

ముక్కలను కూర్చుట మిషనుపై నేనే చేసితిని. మూడు పొరలను కలుపు చేతికుట్టు మాత్రము ఒక్కచేతి పని కాదు. మా వీధికి బొంతలు కుట్టుదుమని కేకవేయుచు వచ్చు ఒక వృద్ధురాలిని పిలిచితిని. ఆమె గుడ్డను నేలపై పఱచి, నాలుగు మూలలు లాగి సరిచేసి, అంచునుండి లోపలికి చుట్టుచుట్టుగా కుట్టుకొనిపోయెడిది. గీత గీయకయే ఆమె కుట్టు తిన్నగా సాగుట చూచి ముచ్చటపడితిని.

అంగడిలోని దాని వెల చెప్పగా ఆమె సూది ఆపినది.

"బొంతే గదమ్మా! దీనికి పదహారు వేలా?"

"అవును పెద్దమ్మా. మఱి నీ కేమి ఇమ్మందువు?"

"అందరూ ఇచ్చేదే. మొత్తం మీద పదిహేను వందలు ఇప్పించండి."

ఆమె మా యింట కుట్టినది తొమ్మిది దినములు, దినమునకు అయిదు గంటలు. ఆమె యడిగిన దిచ్చినచో గంటకు 33 రూపాయలు పడును. దినమునకు 500 చొప్పున 4,500 ఇచ్చితిని. ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకొని, ఎక్కువ ఇచ్చితినేమో యని నా ముఖము చూచినది. నలువది యేండ్లు సూది పట్టిన చేతికి తన పని వెల తెలియకుండుట ఆమె దోషము కాదు. ఆమెకు వెల చెప్పినవా రెవ్వరును లేరు.

దుప్పటి మంచముపై పఱచిన నాడు మా వారు సంతోషించి, "గుడ్డకు 880, దారమునకు 240. కూలి చేర్చినను ఆఱు వేల లోపలనే తేలిపోయినదన్నమాట!" అనిరి. నేను పద్దుల పుస్తకము తెచ్చి, క్రింద నింకొక పంక్తి చేర్చితిని: నా పని 70 గంటలు, ఆ వృద్ధురాలి కిచ్చిన చొప్పుననే గంటకు నూఱు, 7,000. మొత్తము 12,620. పాతచీరలకు వెల కట్టనేలేదు. మా వారు కొంతసేపు చూచి, "నీ పనికి కూడ లెక్కా?" అనిరి. "అంగడివాని పనికి లెక్క యున్నప్పుడు నా పనికేల యుండరాదు?" అంటిని.

ఇది పరిహాసమునకు వ్రాసిన పంక్తి కాదు. 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలనలో, కూలి లేని యింటిపనిలో పాల్గొను స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. ఇంట కుట్టుకొనుట చవుక యని మనమందుము. ఆ చవుకదనము చాలవఱకు ఈ నిమిషములకు వెల కట్టకపోవుటనుండియే వచ్చుచున్నది. అంగడి వెల అధికమని నేను కలహింపను. ఆ 16,000లో కుట్టిన చేతి కెంత ముట్టెనని మాత్ర మడుగుదును.

ఇతరుల నమూనా చూచి కుట్టుట న్యాయమా యని యొక స్నేహితురాలు ప్రశ్నించినది. తగిన ప్రశ్నయే. ఈ విషయమున మన తీరమునకు పాతచరిత్ర గలదు. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో బందరు మొదలైన కోరమండల తీరపు రేవులనుండి అద్దకపు పడకదుప్పట్లు ఐరోపాకు పోయెడివి. పలంగుపోషు అను మాటను అచటివారు పలంపోర్ అని పలికిరి. వాని మోజునకు వెఱచి ఫ్రాన్సు 1686 మొదలు 1759 వఱకు అద్దకపు నూలుగుడ్డలను నిషేధించినది. ఇంగ్లండు 1721లో వాని వాడుకనే నిషేధించి, ఆ శాసనమును 1774లో ఎత్తివేసినది. ఈలోపల అచటివారు మన పూలను, తీగెలను చూచి నేర్చుకొనిరి. 1783లో థామస్ బెల్ అనునతడు లోహపు దిండుతో గుడ్డపై అచ్చువేయు యంత్రమునకు హక్కు పొందెను. యంత్రము గుడ్డ నద్దిన కొలదియు ఇచటి చేతులకు పని తఱిగినది. నేడును తెరయచ్చు గుడ్డలను కలంకారి యని పేరుపెట్టి అమ్మువారున్నారు.

కావున అనుకరణములు రెండు తెఱగులని నా తలంపు. ఇంటి మంచమునకై చూచి నేర్చుకొనుట విద్య. చదరముల కూర్పు ఏ యొక్కరి సొత్తును గాదు. చేతిపని పేరుపెట్టి యంత్రపు సరకు నమ్ముట, పనివాని నోటికూడు తీయుట. నేను చదరముల కూర్పును చూచి నేర్చుకొంటిని. పువ్వులను మాత్రము అద్దినవారియొద్దనే కొంటిని.

మన పద్దుల పుస్తకములలో బియ్యమునకు, పాలకు, పిల్లల చదువునకు గడులున్నవి. సోదరీమణులారా, పని యని యింకొక గడి గీయుడు. అందులో మీ గంటలు వ్రాయుడు. మీ యింట కుట్టినవారివి, ఉదికినవారివి, తోమినవారివి వ్రాయుడు. నెల తిరిగిన తరువాత ఆ పుటను ఇంటిల్లిపాదియు చదువునట్లు చూడుడు. పిమ్మట ఏ వస్తువు చవుకయో, ఏది ప్రియమో కలసి నిర్ణయింపవచ్చును.