పసుపు వైరు

మా ఇంటికి ఫైబర్ నెట్ వచ్చిన రోజు అందరం తెగ సంబరపడ్డాం. బాబు క్లాసులు మధ్యలో ఆగవు, మావారి మీటింగులు తెగిపోవు, నా సినిమా క్లైమాక్స్‌లో గుండ్రంగా తిరుగుతూ కూర్చోదు. పాత ల్యాండ్‌లైనూ, దాని మోడెమూ తీసేయించి, నెలకి ఎంత మిగులుతుందో లెక్క కూడా వేసుకున్నాం. ఆ పాత మోడెమ్ నుంచి ఒక వైరు మామయ్యగారి కంప్యూటర్‌కి వెళ్తోందన్న సంగతి మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆయనా చెప్పలేదు.

మామయ్యగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేరు కాబట్టి కింద గది ఆయనది, పైన వాటా మాది. అత్తయ్యగారు పోయాక, మెల్‌బోర్న్‌లో ఉండే మా ఆడపడుచుకి వారానికి రెండు ఉత్తరాలు రాయడం అలవాటు చేసుకున్నారు. ఈమెయిలే, కానీ ఆయన ఉత్తరం అనే అంటారు. ఫోన్‌లో అక్షరాలు మరీ చిన్నవి, ఒకటి నొక్కబోతే ఇంకోటి పడుతుందని ఆయన గొడవ. అందుకే ఆ పాత కంప్యూటర్ కీబోర్డు మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించుకుని, పెరట్లో కరివేపాకు చిగురు వేసిన సంగతి దాకా తీరుబడిగా రాస్తారు.

పది రోజులయ్యాక ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, నాన్నకి ఒంట్లో బాగానే ఉందా? ఉత్తరాలు రావట్లేదేంటి?"

కిందికి వెళ్లి చూస్తే కంప్యూటర్ మీద తువ్వాలు కప్పేసి ఉంది. "మీ పనుల్లో మీరుంటారు కదమ్మా, చెబుదాంలే అనుకున్నా" అన్నారు. రోజూ మూడు పూటలా కంచం పెట్టడానికి ఆ గదిలోకి వెళ్తున్నదాన్ని, ఆ తువ్వాలు నాకెందుకు కనిపించలేదో మరి.

మావారు ఒక వైఫై డాంగిల్ తెప్పించారు. దానితో వచ్చిన సీడీ వేద్దామంటే కంప్యూటర్ సీడీ ట్రే తెరుచుకోదు. "ఆదివారం చూస్తాలే" అన్నారు. మగవాళ్ల ఆదివారాల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

నా ల్యాప్‌టాప్‌కి మాత్రం కింద గదిలో కూడా వైఫై అందుతుంది, బలహీనంగానే అయినా. ఆ నెట్‌నే వైరు ద్వారా ఆయన కంప్యూటర్‌కి ఇవ్వొచ్చని బాబు ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. అటక మీది సంచిలోంచి పాత మోడెమ్ తాలూకు పసుపు రంగు లాన్ వైరు తీశాను. ఒక కొస నా ల్యాప్‌టాప్‌కి, రెండో కొస ఆయన కంప్యూటర్‌కి. నాది పాత బరువు మోడల్ కాబట్టి ఆ రంధ్రం ఉంది. ఇప్పటి సన్నటి వాటికి చాలావరకు ఉండదు, యూఎస్‌బీలో పెట్టే అడాప్టర్ కొనుక్కోవాలి.

మొదట పేరు బాగుంది కదా అని 'బ్రిడ్జ్ కనెక్షన్స్' నొక్కాను. ఆయనకి నెట్ రాకపోగా నాది కూడా పోయింది! అది తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని టైప్ చేస్తే కనెక్షన్లన్నీ ఒకచోట కనిపిస్తాయి. అందులో వైఫై మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే పైన 'షేరింగ్' అని ఉంటుంది. అక్కడ మొదటి గడిలో టిక్కు పెట్టి, ఎవరికి ఇవ్వాలని అడిగితే ఈథర్‌నెట్ అని చూపించాలి. ఈథర్‌నెట్ మీద కాదు, వైఫై మీద చెయ్యాలి, నేను అక్కడా పొరబడ్డాను. ఇచ్చేది ఎవరో వాళ్ల దగ్గరే అనుమతి తీసుకోవాలన్నమాట.

అయినా రాలేదు. ఆయన కంప్యూటర్‌లో పసుపు త్రికోణం, అందులో ఆశ్చర్యార్థకం. మామయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని "ఇదేం ఆశ్చర్యమమ్మా" అన్నారు. అరగంట వెతికితే తేలిందేంటంటే, పాత కనెక్షన్ పెట్టినాయన అందులో ఒక ఐపీ అడ్రస్ రాసి పెట్టేశాడు. ఇల్లు మారినా పాత చిరునామా బోర్డే వేలాడుతున్నట్టు. దాన్ని 'ఆటోమేటిక్' అని మార్చగానే నా ల్యాప్‌టాపే దానికి కొత్త అడ్రస్ ఇచ్చింది, 192.168.137తో మొదలయ్యేది. త్రికోణం పోయింది. ఆడపడుచు రాసిన నాలుగు మెయిళ్లు గబగబా వచ్చి పడ్డాయి.

(ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ పెడితే ఇంత గొడవ లేదని తర్వాత ఒక ఫ్రెండ్ చెప్పింది. నిజమే. కానీ అప్పుడు నా ఫోన్ గంటలకొద్దీ అక్కడే ఉండిపోవాలి.)

కథ ఇక్కడితో అయిపోలేదు. ఒక మధ్యాహ్నం ఆయన రాసుకుంటుంటే నేను పక్కన పప్పు బాగుచేసి, అలవాటుగా ల్యాప్‌టాప్ మూత మూసి, పైకెళ్లి నడుం వాల్చాను. మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది, దాంతో ఆయన నెట్టూ పోతుంది. గంటన్నర తర్వాత టీ తీసుకుని దిగితే ఆయన అలాగే కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఉత్తరం రాయడం ఎప్పుడో అయిపోయింది, వెళ్లట్లేదు.

"పిలవొచ్చుగా మామయ్యగారూ?"

"నిద్రపోతున్నావు కదమ్మా."

టీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నెట్ ఇచ్చానని మురిసిపోతున్నాను కానీ, ఇప్పుడాయన ఒక ఉత్తరం రాయాలంటే నా తీరిక, నా నిద్ర, నా మూడ్ అన్నీ చూసుకోవాలి. మోడెమ్ ఉన్నప్పుడు ఆయనకి ఆ అవసరమే లేదు.

ఆ సాయంత్రమే పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, చార్జర్ పెట్టి ఉన్నప్పుడు మూత మూసినా ఏమీ చెయ్యొద్దని, తనంతట తాను నిద్రపోవద్దని మార్చాను. మూత మూసి నడిపేటప్పుడు పరుపు మీద కాకుండా బల్ల మీదే పెట్టండి, వేడెక్కుతుంది. రీస్టార్ట్ అయినప్పుడల్లా నా ల్యాప్‌టాప్‌లో షేరింగ్ టిక్కు ఉన్నట్టే ఉంటుంది, నెట్ మాత్రం వెళ్లదు. తీసి మళ్లీ పెడితే వెళ్తుంది. ఇవన్నీ పాత డైరీలో పెద్ద అక్షరాలతో రాసి, నా పాస్‌వర్డ్ కూడా రాసి ఆయనకిచ్చాను. పాస్‌వర్డ్ దగ్గర కాస్త ఆలోచించానని ఒప్పుకుంటాను. ల్యాప్‌టాప్ ఇప్పుడు మధ్యాహ్నాలు ఆయన బల్ల మీదే ఉంటుంది.

మొన్న లేచి కిందికి వెళ్లేసరికి ఆయనే వైరు పెట్టుకుని, టిక్కు తీసి పెట్టుకుని, ఉత్తరం పంపేసి కూర్చున్నారు. నా ల్యాప్‌టాప్‌లో సగం రాసి వదిలేసిన బ్లాగు పోస్టు తెరిచి ఉంది.

"తెరవగానే ఇదే కనిపించిందమ్మా, చదివేశాను" అన్నారు. "రెండో పేరాలో 'కళ్లు' రాయబోయి 'కల్లు' అని రాశావు. దిద్దాను."