17వ మట్టలో ఏముంది?

ఖమ్మం నుంచి సత్తుపల్లి సుమారు 80 కిలోమీటర్లు. వైరా, తల్లాడ దాటాక దారి పొడవునా మామిడి తోటలు పలకరిస్తాయి. ఊరి దగ్గర సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల మట్టిగుట్టలు. పాతిక కోట్ల ఏళ్లకు పైగా భూమిలో నలిగిన అడవే ఆ బొగ్గు. అశ్వారావుపేట రోడ్డు పట్టుకుంటే ఇక పామాయిల్ తోటలే తోటలు!

కొత్తగా చూసేవాళ్లకు తోటంతా ఒకే పచ్చగా ఉంటుంది. సాగుచేసేవాళ్ల కళ్లు వేరు. ముదురు మట్టల మీద నారింజ రంగు మచ్చలొచ్చాయా... పొటాష్ చాల్లేదన్నమాట. ఆకు కొస కొక్కెంలా వంకర తిరిగిందా... బోరాన్ లోపం. మెగ్నీషియం సంగతి మరీ చిత్రం. ఎండ తగిలే ఆకు పసుపెక్కుతుంది. దానిమీద ఇంకో ఆకు నీడ పడితే, ఆ నీడ ఉన్నంత మేరా పచ్చగానే ఉంటుంది. పై ఆకు పక్కకి తొలగించి చూడండి, అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. చెట్టు తన ఒంట్లోని రసాయనాల బొమ్మను తానే గీసి చూపిస్తుందన్నమాట.

మరి భాస్వరం? అక్కడే చిక్కు. అది తక్కువైతే పామాయిల్ ఆకు మీద ప్రత్యేకమైన గుర్తేదీ కనిపించదు. చెట్టు ఎదుగుదల తగ్గుతుంది, గెలలు తగ్గుతాయి. అది తెలిసేసరికి ఏళ్ల నష్టం జరిగిపోతుంది. అందుకే పూర్తిగా విచ్చుకున్న మొదటి మట్ట నుంచి కిందికి లెక్కపెట్టి, 17వ మట్ట మధ్యలోని ఆకులు కోస్తారు. ఈనె తీసేసి, ఎండబెట్టి, పొడిచేసి ల్యాబులో పరీక్షిస్తారు. చేలో మట్టినీ పరీక్షకు పంపిస్తారు. మట్టి నుంచి తీసిన ద్రావణంలో మాలిబ్డేట్ కలిపి, దానికి మరో రసాయనం చేరిస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ.

ఈ నీలం రంగుకూ మన తెలుగువాడికీ గట్టి చుట్టరికం ఉంది. సత్తుపల్లి మీదుగా పోయే రోడ్డే అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం దాటి రాజమండ్రి వైపు సాగుతుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చిన్నప్పుడు చదువుకున్నది ఆ రాజమండ్రిలోనే. 1922లో బోస్టన్ చేరిన ఆయన, 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోనూ కండరాల్లోనూ భాస్వరాన్ని నీలం రంగుతో కొలిచే పద్ధతిని తీర్చిదిద్దారు. కండరం సారాన్ని అలా పరీక్షిస్తుంటే రంగు రావలసినంత వేగంగా రాలేదు. ఇంకొకరైతే మందు పాతబడిందని పారబోసేవారేమో! ఆ ఆలస్యం వెంటపడబట్టే కండరాలకు తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. కానీ అలా చూడాలంటే కండరాన్ని కోసి, నలగ్గొట్టాల్సిందే. చూసేది బతుకు గురించి, చేతిలో ఉండేది మాత్రం చచ్చిన ముక్క.

అర్ధశతాబ్దం తరవాత ఆ ఇబ్బంది తీరింది. 1974లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు అప్పుడే తీసిన ఎలుక కండరాన్ని నలపకుండా బలమైన అయస్కాంతంలో పెట్టారు. కొత్తగూడెం రేడియోకు ఒక నంబరు, విజయవాడకు మరో నంబరు ఉన్నట్టే, భాస్వరం ఏ రసాయనంలో ఉందన్నదాన్ని బట్టి దాని సంకేతం కాస్త మారుతుంది. సుబ్బారావు పట్టుకున్న ఫాస్ఫోక్రియాటిన్ అక్కడ విడిగా పలికింది. 1981 నాటికి మనిషి వంతు వచ్చింది. కొంచెం పనిచేస్తేనే కండరాలు పట్టేసే ఒక రోగి ముంజేతిని అయస్కాంతంలో ఉంచి, వ్యాయామం చేయించారు. మామూలుగా అయితే కండరం ఆమ్లంగా మారాలి. అతనిలో మారలేదు. కండరంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్‌ను విడగొట్టలేని జబ్బు అని అనుమానించింది, కత్తి పెట్టకుండానే రుజువైంది.

ఇదంతా ఒక్క శాఖవాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఎమ్మారై స్కానింగ్‌కు 2003లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్న ఇద్దరిలో లాటర్‌బర్ రసాయన శాస్త్రవేత్త, మాన్స్‌ఫీల్డ్ భౌతిక శాస్త్రవేత్త. డాక్టరు ఒక్కరూ లేరు! హైదరాబాద్ గోపనపల్లిలో, సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 2010లో శంకుస్థాపన జరిగిన టాటా పరిశోధన సంస్థ ప్రాంగణాన్ని కూడా శాఖల మధ్య గోడలు ఉండకూడదన్న ఆలోచనతోనే తలపెట్టారు. ఇలాంటి అయస్కాంత పరికరాలతో పరిశోధన అక్కడా జరుగుతోంది.

ఆ భారీ అయస్కాంతాన్ని పామాయిల్ తోటకు మోసుకురాలేం కదా! అయితే ఆకును కోయకుండా చదివే దారి ఇంకొకటుంది. పత్రహరితం ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనిపించని పరారుణ కాంతిని వదిలేస్తుంది. ఆకును క్లిప్పులా పట్టుకునే చిన్న మీటర్లూ, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలూ ఈ తేడానే చదువుతాయి. నత్రజని సంగతి అలా చాలావరకు తెలిసిపోతుంది. భాస్వరం అంత తేలిగ్గా దొరకదు. దానికి ఇప్పటికీ 17వ మట్ట కోయాల్సిందే.

అటు వెళ్లేవాళ్లు అశ్వారావుపేటలో ఆగండి. 2016లో ఖమ్మం నుంచి విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన ఈ ఊళ్లో పామాయిల్ ఫ్యాక్టరీ, వ్యవసాయ కళాశాల ఉన్నాయి. కోసిన గెలలను 24 గంటల్లోగా ఆడించకపోతే నూనె పాడవుతుంది కాబట్టి ట్రాక్టర్ల హడావిడి చూడాల్సిందే. ఇంకా తెలుసుకోవాలనుంటే ఏలూరు దగ్గర పెదవేగిలో 1995లో ఏర్పాటైన ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. తోటలోకి వెళ్లేముందు రైతును అడగడం మరవకండి. మట్ట మొదట్లో ముళ్లుంటాయి, పిల్లలు జాగ్రత్త!