తనంత తాను కీ ఇచ్చుకొను గడియారము

నల్లగొండలోను మహబూబునగరములోను గడియార స్తంభపు కూడలులు కలవు. ఆ గడియారములు సూర్యుని చూచి నడచినచో ఒకదానికొకటి పొసగవు. నల్లగొండలో నడిమధ్యాహ్నమైన సుమారు 5 నిమిషములకు గాని మహబూబునగరమున మధ్యాహ్నము కాదు. రేఖాంశమున డిగ్రీకి 4 నిమిషముల భేదము గదా! ఇట్టి చిక్కు తీరుటకే 1906లో భారతదేశమున ప్రమాణకాలము అమలులోనికి వచ్చినది.

ప్రమాణ మొకటైనను గడియారములు దానిని తప్పుచునే యుండును. వానిని దిద్దు ఉపాయము అమెరికా దేశపు గోడ గడియారములలో కలదు. 1886లో చెస్టర్ పాండ్ న్యూయార్కున నెలకొల్పిన సంస్థ చేసిన యీ గడియారములకు ఎవరును కీ ఇయ్యనక్కరలేదు. రెండు బ్యాటరీల బలముతో చిన్న మోటారు గంటకొకసారి స్ప్రింగును చుట్టును. అంతకంటె ముచ్చటైనది వేరొకటి. వాషింగ్టను నౌకాదళ వేధశాల కాలమును వెస్టరన్ యూనియన్ వారు గంటగంటకు తంతిపై పంపగా, గడియారములోని విద్యుదయస్కాంతము కదలి, ముందువెనుకలైన నిమిషముల ముల్లును సరిగా 12 మీదికి లాగెడిది.

ఆ తంతి సేవ ఏనాడో నిలిచిపోయినది. బాగుచేయువారు కొందరు పాత యంత్రమును పెరికి క్వార్ట్జు యంత్రము నమర్చెదరు. సులభమే గాని, మిగులునది పెట్టె మాత్రమే! ఓపిక గలవాడు గట్టిపడిన నూనెను కడిగి, విద్యుత్తు తగులుచోట్ల పట్టిన మసిని తుడిచి (గీకరాదు సుమా), రాలిపోవు తీగల తొడుగులను మార్చును. గడియారము నడచును, ఐనను పని సగమే. లోలకపు గుండును పైకెత్తిన వేగము హెచ్చును, దించిన తగ్గును. ఇట్లు కొన్ని దినములు నడక చూచి, పిమ్మట గంటకొక సంకేతము పంపు చిన్న సాధనమును తానే కూర్చుకొనవలెను. అది లేనిచో ఒకే గోడకు తగిలించిన రెండు గడియారములు వారము తిరుగకమునుపే వేర్వేరు వేళలు చూపును.