నెమలి నుంచి జిద్దా దాకా

తిరువూరు ప్రాంతంలోని నెమలి నుంచి ఉమ్రాకు బయలుదేరేవారికి తొలి మజిలీ హైదరాబాదు. శంషాబాదు విమానాశ్రయం చేరేసరికి రోడ్డు మీదే సగం రోజు గడుస్తుంది. అక్కడి నుంచి జిద్దాకు గగనమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. మధ్యలో ఆగని విమానం దాదాపు ఆరు గంటల్లో ఈ దూరాన్ని దాటుతుంది. ముంబయి ఓడల మీద రోజుల తరబడి సాగిన హజ్ యాత్రలు 1995తో ముగిశాయి.

టిక్కెట్టుపై ఉదయం 10 గంటలకు బయలుదేరి మధ్యాహ్నం 1.30కి దిగుతామని ఉంటే, ప్రయాణం మూడున్నర గంటలేనని భ్రమ కలుగుతుంది. సౌదీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. జిద్దాలో జుహ్ర్ వేళ నడుస్తుండగా నెమలిలో సాయంత్రం 4 గంటలవుతుంది. ఇక్కడివారు అస్ర్ నమాజు కోసం ఎదురుచూస్తుంటారు.

ఈ లెక్క తెలిసి ఉండటం ఆరాధనకూ అవసరమే. విమానం జిద్దాలో దిగకముందే మీఖాత్ హద్దును దాటుతుంది. నేరుగా మక్కాకు వెళ్ళేవారు ఆలోపే ఇహ్రామ్‌తో సంకల్పం చేసుకోవాలి. పురుషుల ఇహ్రామ్ వస్త్రాలు విమానం అడుగున వేసే పెట్టెలో ఉండిపోతే ఆకాశంలో అవి చేతికందవు. కాబట్టి వాటిని చేతిసంచిలోనే ఉంచాలి. వృద్ధులైతే శంషాబాదులోనే ధరించి, మీఖాత్ సమీపించినప్పుడు సంకల్పం చెప్పుకోవడం సులువు.