అబ్బాజాన్ ఔజార్ల పెట్టె

2021 నవంబర్ వానల్ని తిరుపతిలో ఎవరూ మరచిపోరు. ఆ రాత్రి మా ఇంట్లోకి మోకాలెత్తు నీళ్లొచ్చాయి. ఖురాన్ పైఅరలో ఉంది, అల్‌హమ్దులిల్లాహ్. బియ్యం మూట మంచం మీదికి ఎక్కించాం. అల్మారా కింది అరలో ఉన్న అబ్బాజాన్ ఔజార్లు మాత్రం ఎవరికీ యాది రాలేదు.

మూడో రోజు చూస్తే, అల్మారా పార్టికల్ బోర్డు చాయ్‌లో ముంచిన బిస్కెట్‌లా ఉబ్బి చేతికి ఊడొచ్చింది. ఉలులు, రందా, గునియా, బర్మా, అన్నిటికీ జంగు. నలభై ఏళ్లు మాకు రోటీ పెట్టిన ఔజార్లవి. పోయే ముందు "ఇవి అమానత్ బేటా" అన్నారు అబ్బాజాన్. నేను కలం పట్టి బతికేవాణ్ణి. అమానత్‌ని అలా కాపాడాను.

జంగు గీకడానికి రెండు వారాలు పట్టింది. ఇక పెట్టె నేనే చేయాలని నియ్యత్ చేసుకున్నా. దేనితో చేయాలన్నదే అసలు సవాల్.

రేకు ట్రంకు సస్తాగా వస్తుంది. కానీ వానాకాలం చల్లటి రేకుకి లోపల చెమట పడుతుంది, ఆ తేమ మళ్లీ ఔజార్ల మీదే దిగుతుంది. ప్లైవుడ్‌లో ఐఎస్ 303 ముద్ర ఉన్న మామూలు ఎమ్ఆర్ రకం కాస్త తేమకే ఓర్చుకుంటుంది. నీళ్లకు నిలబడాలంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది కావాలి. చిత్తూరు వైపు మామిడి చెక్కకి కొదవ లేదు గానీ, పురుగు పట్టిందంటే పొడి పొడిగా రాలిపోతుంది. టేకు దాం విని సలాం కొట్టి వచ్చేశా.

అప్పుడే మాకు తెలిసిన ఒకతను చెవిలో అన్నాడు: "భాయ్, ఎర్రచందనం పలకలు రెండున్నాయి. నీకైతే ఊరికే ఇస్తా. నూరేళ్లుంటుంది పెట్టె."

అబద్ధమెందుకు, దిల్ ఆగింది. నీళ్లలో వేస్తే మునిగేంత బరువు, ఆ రంగు, ఆ నునుపు. వడ్రంగి కొడుకుని, ఆశ పడనా? కానీ ఆ చెట్టు సహజంగా పెరిగేది మన శేషాచలం చుట్టుపక్కల కొండల్లోనే. ఇజాజత్ లేకుండా నరికితే జుర్మ్, ఇంట్లో దాచినా జుర్మే. అంతకన్నా పెద్దది ఇంకొకటి గుర్తొచ్చింది. 2015 ఏప్రిల్ 7న ఇదే శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. కూలి కోసం కొండెక్కినవాళ్లు పోయారు, ఆ లక్డీ అమ్ముకున్నవాళ్లు ఎక్కడున్నారో! నా పెట్టె మీద చెయ్యి పెట్టినప్పుడల్లా అది గుర్తురావాలా?

ఎవరి ఇంట్లో పనికి వెళ్లినా అబ్బాజాన్ మొదట అడిగే మాట ఒకటే: "లక్డీ ఎక్కడిది?" జవాబు నచ్చకపోతే ఉలి సంచిలోంచి బయటికి తీసేవారు కాదు. రోజు కూలి పోయినా సరే. వద్దు భాయ్ అని చెప్పేశా.

జవాబు చిత్తూరులో మా దాదీ ఇంట్లో దొరికింది. కూలిన గోడకి ఆనించి పాత తలుపు రెక్కలు రెండు. వేప. దశాబ్దాలుగా ఎండి ఎండి, ఇక వంకర తిరిగే పని లేదు. చేదుకి పురుగు కూడా అంతగా రాదు. ముందు పాత స్పీకర్‌లోని అయస్కాంతం చెక్కంతా తిప్పి, దాగున్న మేకులు వెతికి పీకా. ఒక్క మేకు మిగిలినా రందా బ్లేడు పళ్లూడుతుంది. లోపల మఖ్మల్ పరుద్దామంది అమ్మీ. గుడ్డ తేమని తాగి పట్టుకుంటుందని ఒప్పించి, ఒక్కో ఉలికి ఒక్కో గాడి తీశా. ఇనుప స్క్రూలు కాకుండా ఇత్తడివి వాడా. పైన అవిసె నూనె పూత. గోడకి నడుమెత్తున బిగించా.

పనితనం చూస్తే అబ్బాజాన్ నవ్వేవారే. ఒక మూల ఇప్పటికీ సరిగా కలవలేదు. ప్రతి జుమా పొద్దున కుట్టుమిషన్ నూనెతో ఔజార్లు తుడుస్తా. మొన్న మా చిన్నది పక్కన నిలబడి చెక్క వాసన చూసి, "అబ్బూ, ఈ లక్డీ ఎక్కడిది?" అంది.

దాని ముత్తవ్వ తలుపు కథంతా చెప్పా.