కర్నూలు క్యాంపులు

కర్నూలనగానే సోదరీమణులకు కొండారెడ్డి బురుజును, తుంగభద్రా హంద్రీ సంగమమును జ్ఞప్తికి వచ్చును. మేమీమారు వానిని విడిచి, బి క్యాంపు, సి క్యాంపు అను పేటలను, వాని వెనుక వెలసిన సొంతయిండ్ల కాలనీలను చూడబోయితిమి.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించి, కర్నూలు రాజధాని యయ్యెను. మద్రాసునుండి తరలివచ్చిన కచేరీలకు భవనములు చాలక డేరాలు వేసిరి. ఉద్యోగులకై కట్టిన యిండ్లవరుసలకు క్యాంపు అను పేరు నాటినుండియే నిలిచినది. మద్రాసు కాపురమున కలవాటుపడిన యిల్లాండ్ర కీ యెండలును, నీటియెద్దడియు నెట్లుండెనో యూహింపవచ్చును. పొయ్యి కుదురుకొనునంతలో, 1956 నవంబరు 1వ తేదీన రాజధాని హైదరాబాదునకు పోయినది. పాపము, మరల సామాను కట్టవలసివచ్చె! పిదప నా యిండ్లు జిల్లా యుద్యోగులకు దక్కినవి.

సర్కారు ఇంటి ధర్మ మొకటి కలదు. ఉద్యోగి బదిలీయైనను, విశ్రాంతి గైకొన్నను ఇల్లు విడువవలయును; ఆ స్థానమున చంటిబిడ్డలతో వేరొక కాపురము వచ్చును. గోడలు పెచ్చులూడినను, ఇండ్లు నివాసయోగ్యములై యున్నంతకాలము బడికి పోవు పిల్లల సందడి తరుగదు.

సొంతయిండ్ల సంగతి యట్లు గాదు. ఇంచుమించుగ నొకే కాలమున స్థలములు కొని, ఒకే యీడు దంపతులు గృహప్రవేశములు చేసికొందురు. పదిపదునైదేండ్లు వీధినిండ పిల్లలే. పిమ్మట కుమార్తెలు అత్తవారిండ్లకును, కుమారులు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలకును పోవుదురు. ఒక యిల్లు గాదు, వరుస వరుసంతయు నించుమించొక్కమారే చిన్నబోవును. ఇరుగుపొరుగు తోడు ఉండదా యందురేమో. ఆ పొరుగమ్మకును డెబ్బదియేండ్లే! రాత్రివేళ నొకరికి నొప్పి వచ్చినచో బండి పిలుచువారెవరు? 2009 అక్టోబరు వరదలో ఊరిలో పెక్కురు మేడలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. మోకాళ్లు వంగని వారికి చేయూత నిచ్చు పడుచువారు ఇంట నుండవలదా?

ఇల్లమ్మి తమతో రమ్మని బిడ్డలు కోరుట కలదు. అందు ప్రేమయు నుండవచ్చును. కాని తల్లి యా యింటిని బిడ్డల పేర దానముగ వ్రాసియిచ్చునెడల, తన్ను పోషింపవలయునను షరతును దస్తావేజులోనే చేర్పించుకొనుట మేలని మా యభిప్రాయము. తలిదండ్రుల పోషణకై 2007లో వచ్చిన చట్టముచే, అట్టి షరతు తప్పినచో నా దస్తావేజును రద్దుపరుప వేడుకొనవచ్చును. నోటిమాట కంత బలము లేదు.

మేము చూచిన యొక కాలనీలో వితంతువైన గృహిణి యొకర్తు వెనుకగదిలో దానుండి, ముందు వాటాను అద్దెకిచ్చుచున్నది. అద్దె యెక్కువ యిత్తుమన్న కచేరీవారిని కాదని, బిడ్డలుగల సంసారులకే యిచ్చునట. ఆనాడు వాటా చూడవచ్చిన పడుచు, చంకనున్న పసివానిని సవరించుకొనుచు, ఉయ్యాల కట్టుటకు కొక్కెమున్నదా యని యడిగెను.

“ఉండాది లేమ్మా. నా పిల్లోళ్లు నలుగురూ ఆడనే ఊగినారు” అని యామె తాళపుచెవి తెచ్చుటకు లోనికి బోయెను.