అవ్వకు చెప్పిన ఊరు

పోయిన మే సెలవుల్లో అమ్మ, నేను, అవ్వ కౌలాలంపూర్ పోయొచ్చాం. చిన్నమ్మ అక్కడ ఉద్యోగం చేస్తోంది. అవ్వకు గ్లకోమా. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి వెలుతురూ నీడా తెలుస్తాయి, అంతే. "చూపు లేనిదాన్ని, నాకెందుకే ఊరు చూసే పని?" అంటూనే బయల్దేరింది.

విమానాశ్రయం నుంచి రైలెక్కితే అరగంటలో కేఎల్ సెంట్రల్. పాత రైల్వే యార్డు స్థలంలో కట్టి 2001లో తెరిచిన స్టేషను. మామూలు రైళ్లు, ఎల్‌ఆర్‌టీ ఒకే కప్పు కింద ఉంటాయి. మోనోరైలుకు మాత్రం పక్కనున్న మాల్‌లోంచి నడిచిపోవాలి. చుట్టూ హోటళ్లు, ఆఫీసులు, అన్నీ ఆకాశాన్నంటేవే. నేను ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటూ, "అవ్వా, అటు చూడు, ఎంత ఎత్తో!" అన్నాను. అవ్వ తల తిప్పలేదు. "చూడు చూడు అంటావు గానీ, ఏముందో చెప్పవేమే?" అంది.

సిగ్గేసింది. చెప్పడం మొదలుపెట్టాను. అప్పుడు బయటపడింది నా తెలుగు. ఇంట్లో నాన్నతో తమిళం, అవ్వతో తెలుగు. ఆ తెలుగు కూడా "తిన్నావా, మాత్ర వేసుకున్నావా" దగ్గరే ఉంటుంది. ప్రబంధాల్లో పురవర్ణన గురించి పరీక్షలో రెండు పేజీలు రాసినదాన్ని, "అద్దాల బిల్డింగు... ఇంకో అద్దాల బిల్డింగు" అని ఆగిపోయాను.

"ఆ అద్దాల్లో ఏం కనపడతా ఉంది?"

చూశాను. "మబ్బులు పోతా ఉన్నాయి అవ్వా. బిల్డింగే కదులుతున్నట్టుంది."

"ఆ, ఇట్ల చెప్పు."

మాల్ దాటితే బ్రిక్‌ఫీల్డ్స్. 1881లో ఊరు అగ్నికి కాలిపోయాక ఇళ్లు ఇటుకతో కట్టించారు. ఆ ఇటుకలు చేసిన చోటు కాబట్టి ఆ పేరు. ఇప్పుడది లిటిల్ ఇండియా. నేను నోరు తెరవక ముందే అవ్వ "మల్లెపూలు" అని నిలబడిపోయింది. పూలకొట్టు ఆమెతో తమిళంలో బేరమాడి రెండు మూరలు కొనుక్కుంది.

అక్కడి ఫుట్‌పాత్ మీద గట్లుగట్లుగా పసుపు పలకలు పరిచి ఉన్నాయి. అంధుల సంఘం ఆఫీసు ఆ పేటలోనే ఉంది. చూపులేనివాళ్లు పనిచేసే మసాజ్ కొట్లూ ఉన్నాయి. ఒకాయన తెల్ల కర్ర ఆడించుకుంటూ మమ్మల్ని దాటి పోయాడు. అవ్వకు చెప్పాను.

"పక్కన ఎవరూ లేరా?"

"లేరు."

"నెమ్మదిగా పోతున్నాడా?"

"నాకంటే బిరబిరా పోతున్నాడు."

అవ్వ చెప్పు విడిచి, పాదంతో ఆ గట్టును తడిమింది. "చెయ్యి వదులు" అంది. వదిలాను. పది పన్నెండు అడుగులు తనే నడిచింది. ముందు ఎవరో పలకల మీదే బైకు నిలిపిపోయారు. "అవ్వా, బండి అడ్డముంది. ఆగు. కుడి పక్కకు రెండడుగులు" అన్నాను. మాటకోసం వెతుక్కోలేదు.

డాక్టరు తెల్ల కర్ర వాడమని చెప్పి ఏడాదైంది. "వీధిలో అందరూ చూస్తారు" అని అవ్వ ఒప్పుకోలేదు. నేనూ, పట్టుకోవడానికి నేనున్నాను కదా అని ఊరుకున్నాను.

తిరుగు రైల్లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఆ మనిషి కర్ర ఎంత పొడుగుండె?"

చేతులు చాపి చూపించబోయి ఆగాను.

"నిలబెడితే రొమ్ముదాకా వస్తుంది అవ్వా" అన్నాను.